నొన్: పేరు చేజారిన ఒక జపాన్ మోడల్, నటి, గాయని కెరీర్ మీద కేస్ స్టడీ

ముందు కేసు వివరాలు. 1993 జులై 13న పశ్చిమ జపాన్‌లో, హ్యోగో ప్రిఫెక్చర్‌లోని కామికావా అనే చిన్న ఊళ్లో పుట్టింది. అసలు పేరు నోనెన్ రెనా. 2006లో బాలికల ఫ్యాషన్ పత్రిక ‘నికోలా’ మోడల్ ఆడిషన్‌లో గ్రాండ్ ప్రి గెలిచింది. 2013లో జపాన్ పబ్లిక్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయపు సీరియల్ ‘అమచాన్’తో దేశమంతటికీ తెలిసిన ముఖమైంది. 2014 డిసెంబర్ తర్వాత ఐదేళ్లకు పైగా సినిమా తెర మీద హీరోయిన్‌గా కనబడలేదు. 2016 జులైలో, ఇరవై మూడో పుట్టినరోజున, ‘నొన్’ అనే రెండక్షరాల పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. అదే నవంబర్‌లో ఒక యానిమేషన్ సినిమాకు గొంతిచ్చింది. 2017లో సొంత మ్యూజిక్ లేబుల్ పెట్టింది. 2022లో తనే రాసి, తీసి, నటించిన సినిమా విడుదలైంది. 2023లో జపాన్ అకాడమీ అవార్డుల ఉత్తమ నటి తుది ఐదుగురిలో చేరింది.

మోడల్ నటి కావడం, నటి పాటల రికార్డు వేయడం జపాన్‌లో కొత్త కాదు. ఆర్టిస్టుల్ని నడిపే ప్రతి ఏజెన్సీలోనూ అలాంటి వాళ్లు పది మంది ఉంటారు. ఆర్టిస్టుల ఒప్పందాలు, డేట్లు చూసేవాళ్లు ఈ కేసులో చదవాల్సింది మధ్యలో తెగిన చోటు, తిరిగి అతుక్కున్న తీరు. ఏయే పనికి ఎవరి అనుమతి కావాలో లెక్కేసుకుని, టీవీ చానళ్ల అనుమతి అక్కర్లేని పనులతో ఆమె రెండో కెరీర్ కట్టుకుంది. మోడలింగ్, నటన, పాట ఆ లెక్కలో ఎక్కడెక్కడ పనికొచ్చాయన్నదే ఇక్కడి విషయం.

పత్రిక మోడల్ అంటే

నికోలాను షించోషా అనే ప్రచురణ సంస్థ 1997 నుంచి నడుపుతోంది. ప్రాథమిక బడి చివరి తరగతుల నుంచి మిడిల్ స్కూలు దాకా చదివే ఆడపిల్లలు దాని పాఠకులు. కురియామా చియాకి, అఓయి యూ, అరగాకి యుయి లాంటి నటీమణులు ఈ పత్రిక పేజీల్లోంచే వచ్చారు. ఇలాంటి పత్రికలకు ప్రత్యేక మోడల్ అనే పద్ధతి ఉంది. ఒక పత్రికకు ఒప్పుకున్న అమ్మాయి పోటీ పత్రికలో కనబడకూడదు. పాఠకుల వయసు దాటాక ‘స్నాతకం’ పేరుతో ఆఖరి సంచికలో వీడ్కోలు చెబుతుంది. రెనా విషయంలో అది 2010లో జరిగింది.

డబ్బు పరంగా ఈ దశలో మిగిలేది తక్కువ. అసలు లాభం వేరు. యాడ్ ఏజెన్సీల వాళ్లు కొత్త ముఖం కోసం ముందు తిరగేసేది ఇలాంటి పత్రికలనే. కాల్పిస్ లాంటి శీతల పానీయాలకు ఏటా వేసవికి ఒక స్వచ్ఛమైన కుర్రముఖం కావాలి. 2012లో ఆ యాడ్ ఆమెకు వచ్చింది. పత్రిక, తర్వాత యాడ్, తర్వాత చిన్న పాత్రలు: మామూలుగా మెట్లు ఇవే. ఆమె కూడా అవే ఎక్కింది. 2010లో నకషిమా తెత్సుయా తీసిన ‘కన్ఫెషన్స్’లో క్లాసులో కూర్చున్న విద్యార్థుల్లో ఒకరు. 2012లో ‘కరాసు నో ఒయయుబి’లో మోసగాళ్ల ముఠాలోని అమ్మాయి.

మోడలింగ్ నుంచి నటనకు వచ్చేవాళ్ల లోపాలు ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. స్టిల్ కెమెరాకు ముఖం చేరిన చివరి స్థితి చాలు. సినిమా కెమెరాకు ఆ స్థితికి చేరే దారి కావాలి. మోడల్‌కు లైటు ఎక్కడుందో ఒంటికే తెలుసు, అందుకే డైలాగు మధ్యలో ఎదుటి నటుణ్ని వదిలేసి లైటు వైపు తిరుగుతుంది. పొట్ట బిగబట్టి ఊపిరి ఆపి పోజిచ్చే అలవాటు వల్ల గొంతు పైపైనే ఆడుతుంది, వాక్యం చివరి మాట తేలిపోతుంది. చేతులు ఖాళీగా ఉంటే ఏం చేయాలో తోచదు. వీటిలో మొదటి రెండూ పది రోజుల షూటింగులో సర్దుకుంటాయి. ఊపిరి మాత్రం నెలల పని. రిహార్సల్‌లో చేతికి ఏదో ఒక పని పెట్టి, నడుస్తూ, మెట్లెక్కుతూ డైలాగు చెప్పిస్తే త్వరగా దారికొస్తుంది. కూర్చోబెట్టి గొంతు వ్యాయామాలు చేయించడం కంటే ఇది మేలు.

ఈ కేసులో అదృష్టం పాత్ర రూపంలో వచ్చింది. అమచాన్ హీరోయిన్ అకి తడబడే పిల్ల. పాటా అంతంతమాత్రం, మాటా అంతంతమాత్రం. పండిన నటి చేస్తే అది నటనలా కనబడేది.

అమచాన్ అనే యంత్రం

ఎన్‌హెచ్‌కే ఉదయపు సీరియల్ సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు 15 నిమిషాలు వచ్చేది. అమచాన్ 2013 ఏప్రిల్ 1న మొదలై సెప్టెంబర్ 28న ముగిసింది, మొత్తం 156 భాగాలు. హీరోయిన్ పాత్రకు 1,953 మంది దరఖాస్తు చేశారు. రచన కుదో కాంకురో, సంగీతం ఓతొమో యోషిహిదే. ఇవాతె తీరంలోని కుజి పట్టణం, ఆ పక్కన కొసొదె తీరంలో మునిగి సముద్రపు ఉర్చిన్లు (ముళ్ల జీవులు) తీసే ‘అమ’ స్త్రీలు కథకు నేపథ్యం. కాంటో ప్రాంతంలో, అంటే టోక్యో చుట్టుపక్కల, సగటు రేటింగ్ 20.6 శాతం. అందులో ఆశ్చర్యానికి వాడే ‘జె జె జె’ అన్న పలుకు ఆ ఏడాది దేశపు మాటల పోటీలో బహుమతి కూడా కొట్టింది.

హీరోయిన్‌కు ఈ సీరియల్ అంటే పది నెలలకు పైగా వేరే పని లేకపోవడం. స్టూడియోలో వారానికి ఒక వారం ఎపిసోడ్లు పూర్తవ్వాలి. పేజీలకు పేజీల డైలాగు, రీటేకులకు సమయం ఉండదు. దాని మీద యాస. హ్యోగోలో పుట్టిన అమ్మాయి, టోక్యో నుంచి వచ్చి ఇవాతె యాస నేర్చుకుని మళ్లీ టోక్యో వెళ్లినా దాన్ని వదలని పాత్ర చేసింది. శ్రీకాకుళం అమ్మాయి చేత రాయలసీమ యాస ఆర్నెల్లు మాట్లాడించడం ఎంత పనో తెలుగు డైలాగు కోచ్‌లు ఊహించుకోగలరు. ఎన్‌హెచ్‌కే దీనికి యాస శిక్షకుల్ని సెట్లోనే పెడుతుంది. శిక్షకుడు స్క్రిప్టు మొత్తాన్ని యాసలో చదివి రికార్డు చేసి ఇస్తాడు, నటి అది వింటూ స్వరం పట్టుకుంటుంది. మాట తప్పినా ఫర్వాలేదు, స్వరం తప్పితే స్థానికులు వెంటనే పట్టేస్తారు.

పాటల దగ్గర తెలుగు పాఠకులకు ఒక తమాషా ఉంది. కథలో సుజుకా హిరోమి అనే పెద్ద నటి ఉంటుంది, ఆ పాత్ర యకుషిమారు హిరోకోది. శ్రుతి కుదరని ఆ నటి తొలి సినిమా పాటను చాటున పాడింది అకి తల్లి హరుకో. పెద్దయ్యాక ఆ హరుకోగా కనబడింది కొయిజుమి క్యోకో. తన గొంతుకు తన పేరు రాకపోవడమే హరుకో జీవితంలో మానని గాయం, సీరియల్ మొత్తానికీ ఇరుసు. మనకు ప్లేబ్యాక్ మామూలు సంగతి, గాయని పేరు టైటిల్స్‌లో పడుతుంది, ఎవరూ మోసమనుకోరు. భానుమతి తర్వాత నటి, గాయని ఒకే మనిషిగా నిలబడిన ఉదాహరణలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టాలి. జపాన్‌లో తెర మీద పాడినట్టు కనబడ్డ మనిషే పాడి ఉండాలన్నది ప్రేక్షకుడి నమ్మకం. అందుకే అక్కడ నటికి రికార్డు వేయించడం ఏజెన్సీకి సహజమైన రెండో అడుగు. గొంతు సాధారణమైనా నడుస్తుంది.

ఆ పాట ‘షియోసాయి నో మెమొరీ’ 2013 జులైలో సీడీగా వచ్చి ఒరికాన్ అమ్మకాల చార్టులో రెండో స్థానానికి చేరింది. కవరు మీద ముందు ఉన్నది పాత్ర పేరు అమనో హరుకో. రెనా పాడినవి కూడా అకి పేరుతోనే ఆల్బంలో ఉన్నాయి. పాత్ర పేరుతో పాట విడుదల చేస్తే సీరియల్ ఊపు మొత్తం పాటకు అందుతుంది. కానీ సీరియల్ అయిపోగానే ఆ గాయని కూడా అయిపోతుంది. పాత్ర పేరు మీద హక్కు చానల్‌ది, రచయితది. సీరియల్ ముగిశాక నటి ఆ పేరుతో వేదికెక్కడానికి వీలుండదు. ఆ డిసెంబర్ 31న కోహకు పాటల కార్యక్రమంలో అమచాన్‌కు ప్రత్యేక భాగం పెట్టారు. అకిగా ఆమె పాట అక్కడితో ముగిసింది. నటిని గాయనిగా నిలబెట్టాలనుకున్నవాళ్లు ఆ సీడీతో పాటే ఆమె సొంత పేరుతో ఇంకోటి సిద్ధంగా పెట్టుకుంటారు. ఇక్కడ అలాంటిది రాలేదు.

తెగిన చోటు

ఎన్‌హెచ్‌కే ప్రకటనలు లేని చానల్, పారితోషికాలు ప్రైవేటు చానళ్ల స్థాయిలో ఉండవు. ఉదయపు సీరియల్ హీరోయిన్ నుంచి ఏజెన్సీ ఆశించే రాబడి తర్వాతి రెండేళ్ల యాడ్లలో ఉంటుంది. జపాన్‌లో యాడ్ ఒప్పందం సాధారణంగా ఏడాదికి. ఆ ఏడాది పోటీ కంపెనీల పని ముట్టుకోకూడదు. బ్రాండ్ ప్రతిష్ఠకు భంగం వస్తే పరిహారం కట్టాలన్న క్లాజు దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. కాబట్టి ఒక ఆర్టిస్టుకు, ఏజెన్సీకి మధ్య తగాదా ఉందన్న వార్త వస్తే చాలు, తప్పెవరిదో తేలకముందే యాడ్ కంపెనీ వెనకడుగు వేస్తుంది. యాడ్లిచ్చే కంపెనీలే సీరియల్స్‌కూ స్పాన్సర్లు కాబట్టి చానల్ నిర్మాత జాబితాలోంచి పేరు తీసేస్తాడు. పైగా అదే ఏజెన్సీకి చెందిన మిగతా నటుల డేట్లు చానల్‌కు రేపు కావాలి. ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి ఆపమని చెప్పనక్కర్లేదు. ఈ వరస దానంతట అదే నడుస్తుంది.

2014లో ‘హాట్ రోడ్’ వచ్చింది, దాదాపు 250 కోట్ల యెన్లు వసూలు చేసింది. అందులో నటనకు ఆమెకు జపాన్ అకాడమీ కొత్త నటీనటుల అవార్డు కూడా దక్కింది. డిసెంబర్‌లో ‘ప్రిన్సెస్ జెల్లీఫిష్’. తర్వాత ఖాళీ. 2015 నుంచి ఏజెన్సీతో తగాదా వార్తలు పత్రికలకెక్కాయి. ఒప్పందం 2016 జూన్ నెలాఖరుకు ముగిసింది. పుట్టినప్పుడు పెట్టిన పేరే అయినా, వృత్తిలో దాన్ని వాడాలంటే పాత ఏజెన్సీ అనుమతి కావాలన్నది ఆ పక్షం వైఖరిగా వార్తల్లో వచ్చింది. ఆమె ఆ పేరు కోసం పట్టుబట్టకుండా కొత్త పేరుతో బయటికొచ్చింది.

పేరు మీద ఇంత పట్టు ఎందుకంటే, జపాన్ ఏజెన్సీ వ్యాపారం మొదట్నించీ పెట్టుబడి వ్యాపారంలా నడిచింది. పన్నెండు పదమూడేళ్ల పిల్లను తీసుకుని బస, శిక్షణ, ఫొటోలు, ఆడిషన్ల ఖర్చు ఏజెన్సీ పెట్టుకుంటుంది. నెల జీతమో, శాతమో ఇస్తుంది. లాభం మొదలయ్యేటప్పటికి ఏడెనిమిదేళ్లు గడుస్తాయి. అప్పుడు మనిషి వెళ్లిపోతే నష్టమని, పేరును ఆస్తిగా ఒప్పందంలో రాసుకుంటారు. ఈ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. పరిమితి లేకపోవడం దగ్గరే అది చెడుతుంది. 1990ల మొదట్లో కసె తైషూ అనే నటుడు ఏజెన్సీ మారినప్పుడు, పాత ఏజెన్సీ ఇంకో కుర్రాణ్ని తెచ్చి ‘కొత్త కసె తైషూ’ అని అదే పేరుతో దింపింది. కొన్నాళ్లు దేశంలో ఇద్దరు కసె తైషూలు తిరిగారు. వినడానికి హాస్యమే, వకీళ్లకు మాత్రం అది పాఠ్యాంశం.

చట్టం తర్వాత కదిలింది. 2018 ఫిబ్రవరిలో జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తరఫున వచ్చిన నిపుణుల నివేదిక, ఏజెన్సీ వదిలినవాళ్ల పనికి అకారణంగా అడ్డుపడటం పోటీ చట్టం కిందికి రావచ్చని చెప్పింది. 2022 డిసెంబర్‌లో గాయని ఐఉచి రినా కేసులో టోక్యో జిల్లా కోర్టు, ఒప్పందం ముగిశాక కూడా కాలపరిమితి లేకుండా రంగస్థల నామానికి ఏజెన్సీ అనుమతి కావాలన్న క్లాజు చెల్లదంది. నొన్‌కు ఇవేవీ సమయానికి అందలేదు. 2016లో ఆమె చేతిలో ఉన్నది కొత్త పేరు, పాత ముఖం.

గొంతుతో తిరిగి రావడం

కొత్త పేరుకు మొదటి పెద్ద పని కతబుచి సునావో దర్శకత్వం వహించిన ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్’. కోనో ఫుమియో మాంగా (జపాన్ బొమ్మల కథ) ఆధారం, హిరోషిమా పక్కన ఉన్న నౌకాదళ పట్టణం కురెలో యుద్ధకాలపు ఇల్లాలి కథ. ఈ సినిమా డబ్బు పుట్టిన తీరే వేరు. 2015లో మకువాకె అనే సైటులో జనం చందాలతో పైలట్ ఫిల్మ్‌కు, అంటే నమూనా చిత్రానికి, డబ్బు పోగుచేశారు. 3,374 మంది కలిసి 3 కోట్ల 91 లక్షల 21 వేల 920 యెన్లు ఇచ్చారు. అది మొత్తం బడ్జెట్‌లో చిన్న భాగమే. అయినా ఇంతమంది ఎదురుచూస్తున్నారని పెట్టుబడిదారులకు చూపించే కాగితమైంది.

టీవీ చానల్ పెట్టుబడి మీద నడిచే నిర్మాణ కమిటీ అయితే హీరోయిన్ గొంతు దగ్గర చానల్ మాటకు బరువుండేది. ఈ సినిమాను నడిపించింది దర్శకుడూ చందాదారులూ కాబట్టి ఆ చిక్కు ఇక్కడ తక్కువ. ఆమె గొంతు సుజు పాత్రకు సరిపోతుందని కతబుచి పట్టుబట్టాడు. 2016 నవంబర్ 12న 63 థియేటర్లలో విడుదలైంది. మొదటి వారం పదో స్థానం. నోటిమాట మీద థియేటర్లు వందల్లోకి పెరిగాయి. 20 లక్షల మందికి పైగా చూశారు, వసూలు 270 కోట్ల యెన్ల దాకా వెళ్లింది. ఏదో ఒక థియేటర్లో మూడేళ్లకు పైగా ఆగకుండా ఆడింది. కినెమా జున్పో పత్రిక ఆ ఏటి జపాన్ చిత్రాల్లో మొదటి స్థానమిచ్చింది, జపాన్ అకాడమీ ఉత్తమ యానిమేషన్ అంది.

పని వివరాలకొస్తే, జపాన్‌లో బొమ్మ ముందు, గొంతు తర్వాత. తెర మీద పెదాలు కదులుతుంటే దానికి మాట పడాలి, మన డబ్బింగ్ థియేటర్లో లాగే. ముఖంతో పని నేర్చిన నటులు ఇక్కడ పడే తిప్పలు కొన్ని ఉన్నాయి. మైకు ముందు తల కదిలిస్తారు, దాంతో స్థాయి ఎగుడుదిగుడవుతుంది. స్క్రిప్టు కాగితం శబ్దం ఎక్కిస్తారు. కళ్లతో చూపే జాలి గొంతులోకి రాదు. దీనికి విరుగుడుగా కొందరు గొంతును అతిగా తిప్పుతారు, అది ఇంకా ఘోరం. నొన్ గొంతులో ఉన్నది మెల్లదనం. వాక్యం మొదలుపెట్టే ముందు ఒక చిన్న ఆలస్యం, చివర కొంచెం తేలిపోవడం. మోడల్ నటీమణుల్లో లోపమని పైన చెప్పిన ఆ తేలిపోవడమే సుజు అనే పరాకు మనిషికి ప్రాణమైంది. మళ్లీ యాస, ఈసారి కురె యాస. అమచాన్‌లో స్వరం పట్టుకునే పద్ధతి చేతికొచ్చి ఉండటం వల్ల ఇది కొత్త భారం కాలేదు.

ఇంత హిట్ కొట్టినా ప్రైవేటు చానళ్ల సీరియల్స్ తలుపులు తెరుచుకోలేదు. ఒక విజయంతో పాత దారి తెరుచుకుంటుందని లెక్కేసుకున్న మేనేజర్ ఎవరైనా ఇక్కడ దెబ్బతినేవాడు. ఆమె వైపు వాళ్లు ఆ దారి మీద పెట్టుబడి పెట్టకపోవడం ఈ కేసులో నాకు అన్నిటికన్నా తెలివైన నిర్ణయంగా కనబడుతుంది.

లేబుల్ లెక్క

2017లో కైవారికార్డ్ పేరుతో సొంత లేబుల్. చిన్నప్పుడు ఊళ్లో బ్యాండ్‌లో గిటార్ వాయించిన అలవాటు ఉంది కాబట్టి రాక్ వైపు వెళ్లింది. ఆ ఆగస్టులో పెద్ద సంగీత వేదిక ఎక్కింది. మొదట పాత రాక్ పాటలను తిరిగి పాడింది, నవంబర్‌లో ‘సూపర్‌హీరో అవ్వాలనుంది’ అన్న అర్థం వచ్చే మొదటి సింగిల్. 2018 మేలో మొదటి ఆల్బం, 2023లో రెండోది. వీటిలో కొన్ని పాటలు తనే రాసింది.

సొంత లేబుల్ ఎందుకో అర్థం కావాలంటే ఒక సీడీ మీద డబ్బు చీలే తీరు చూడాలి. పన్ను కాకుండా 3,000 యెన్ల సీడీ అనుకుందాం. రచయిత, స్వరకర్తల రాయల్టీ 6 శాతం, అంటే 180 యెన్లు. అది జస్రాక్ లాంటి పాటల హక్కుల సంఘం ద్వారా వాళ్లకు పోతుంది. పాడినవాళ్లకు వచ్చేది ఆనవాయితీగా 1 నుంచి 2 శాతం, 30 నుంచి 60 యెన్లు. దాంట్లో ఏజెన్సీ వాటా ఉంటే ఇంకా తగ్గుతుంది. మాస్టర్ రికార్డింగుకు (కాపీలన్నిటికీ మూలమైన రికార్డింగుకు) డబ్బు పెట్టినవాళ్లకు 10 నుంచి 15 శాతం, 300 నుంచి 450 యెన్లు. పాడితే 30, పాడి రాస్తే 200 దగ్గర, మాస్టర్ కూడా తనదైతే 500 పైన. అంకెలు ఒప్పందాన్ని బట్టి మారతాయి, వరస మాత్రం మారదు. 3,000 కాపీలు అమ్మే గాయనికి మొదటి పద్ధతిలో వచ్చేది లక్షా ఎనభై వేల యెన్లు మించదు, మూడో పద్ధతిలో పదిహేను లక్షలు దాటుతుంది.

దాంట్లోంచి ఖర్చులు తీయాలి. స్టూడియో అద్దె, వాద్యకారులు, మిక్సింగ్, మాస్టరింగ్, కవరు ఫొటోలు, ముద్రణ. అందుకే మాస్టర్ తనదే అన్నంత మాత్రాన లాభం రాదు. జపాన్‌లో సీడీలకు స్థిర ధర నియమం ఉంది, షాపు తగ్గించి అమ్మకూడదు. అమ్ముడుపోని సరుకును పరిమితికి లోబడి వెనక్కి పంపుతుంది. చిన్న లేబుళ్లు మునిగేది ఈ వాపసుల దగ్గరే: ఉత్సాహంగా ఎక్కువ కాపీలు వేస్తారు, పంపిణీదారు దగ్గర అమ్మకం కనబడుతుంది, నాలుగు నెలలకు పెట్టెలు తిరిగొస్తాయి. తక్కువ వేసి, కచేరీ దగ్గర బల్ల వేసి చేతికి అమ్మితే వాపసూ ఉండదు, షాపు వాటా కూడా మిగులుతుంది. ఇక్కడ మోడలింగ్ తిరిగి అక్కరకొచ్చింది. కవరు, బట్టలు, పోస్టరు, టీషర్టు బొమ్మ, వీటి మీద ఆమెకు సొంత దృష్టి ఉంది. బొమ్మలు వేస్తుంది, ప్రదర్శనలు పెట్టింది. ఇంకొకరైతే డిజైనర్‌కు, స్టైలిస్టుకు కట్టే ఖర్చులో కొంత ఇంట్లోనే తీరుతుంది.

చార్టులను ఏలిన పాట ఆమె ఖాతాలో లేదు. పాటలను ఆదాయంగా చూస్తే ఇది మధ్యరకం ఫలితం. కానీ ఎవరి అనుమతీ లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా అభిమానుల ముందు నిలబడే వేదిక పాట వల్లే దొరికింది. సీరియల్ కావాలంటే చానల్ పిలవాలి. కచేరీకి హాలు బుక్ చేసుకుంటే చాలు.

యాడ్ల విషయంలోనూ ఇదే చూపు. 2017లో లైన్ మొబైల్ అనే కొత్త ఫోన్ సంస్థ యాడ్ వచ్చింది. పాత పెద్ద కంపెనీలతో పోటీకి దిగుతున్న వాళ్లకు కాస్త ఎదురీదే ముఖం లాభమే. ఇవాతె బియ్యం యాడ్లు కూడా చేస్తూ వచ్చింది. అమచాన్ కథ నడిచిన ప్రాంతం ఆమెను వదల్లేదు, ఆమె కూడా వదల్లేదు. టోక్యో స్పాన్సర్లు భయపడిన కాలంలో జిల్లా సంస్థలు నిలబడటం గమనించాలి. వాళ్లకు ఏజెన్సీల దగ్గర రేపటి డేట్ల మొహమాటం లేదు.

తెర మీదికి మళ్లీ

2020 మార్చిలో ‘హోషికుజు నో మాచి’. పాత తరం పాటల బృందం వెంటపడే, గాయని కావాలనుకునే పల్లెటూరి అమ్మాయి పాత్ర, పాటలు తనే పాడింది. నటి, గాయని ఒకే తెర మీద కలిసిన మొదటి సరైన సందర్భం ఇది. అప్పటికి ఆమెకు ఇరవయ్యారు. అంటే ఇరవై ఒకటి నుంచి ఇరవయ్యారు దాకా, జపాన్‌లో హీరోయిన్లకు అతి ఖరీదైన ఏళ్లు, లైవ్ సినిమాల్లో ప్రధాన పాత్ర లేకుండా పోయాయి. తర్వాతి విజయాలు ఆ నష్టాన్ని పూడ్చాయని రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి. లెక్క చూసేవాళ్లు అలా రాయలేరు. ఆ వయసు పాత్రలు, వాటితో వచ్చే యాడ్లు మళ్లీ రావు.

అదే ఏడాది డిసెంబర్‌లో విడుదలైన ఓకు అకికో సినిమా ‘హోల్డ్ మి బ్యాక్’కు అంతకుముందే టోక్యో అంతర్జాతీయ చిత్రోత్సవంలో ప్రేక్షకుల అవార్డు దక్కింది. 2022 ఫిబ్రవరిలో ‘రిబ్బన్’, కోవిడ్‌తో ఆర్ట్ కాలేజీ ప్రదర్శన రద్దయిన విద్యార్థిని కథ, రచన దర్శకత్వం తనవే. అంతకుముందు 2019లో యూట్యూబ్ కోసం ఒక సినిమా తీసి చేయి తిప్పుకుంది. నేరుగా థియేటర్ సినిమాకు దూకకుండా మధ్యలో ఆ మెట్టు వేసుకోవడం మంచి క్రమం. నిర్మాతకు చూపించడానికి పూర్తయిన పని ఒకటి చేతిలో ఉంటుంది. 2022 సెప్టెంబర్‌లో ఒకితా షుఇచి ‘ద ఫిష్ టేల్’, చేపల పిచ్చి ఉన్న అబ్బాయి పాత్ర చేసింది. అకాడమీ తుది ఐదుగురిలో చోటు దాంతోనే.

2025 ఏప్రిల్‌లో రెండు సంగతులు ఒకే నెలలో జరిగాయి. హిగుచి షింజి తీసిన ‘బుల్లెట్ ట్రైన్ ఎక్స్‌ప్లోజన్’లో రైలు డ్రైవర్‌గా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. టీబీఎస్ సీరియల్ ఒకదాంట్లో అతిథి పాత్రతో, దాదాపు పదకొండేళ్ల తర్వాత ప్రైవేటు చానల్ డ్రామాలో కనబడింది. ఈలోగా చానళ్లే బలహీనపడి, డబ్బు స్ట్రీమింగ్ వైపు వెళ్లడం కూడా తలుపు తెరుచుకోవడానికి ఒక కారణమని లెక్కలోకి తీసుకోవాలి.

ఒప్పందం రాసేటప్పుడు

మైనర్‌గా చేరే మోడల్ ఒప్పందంలో మొదట చూడాల్సింది పేరు. పుట్టుపేరుతో పనిచేస్తుంటే, ఒప్పందం ముగిసిన మర్నాటి నుంచి షరతుల్లేకుండా తనదేనని రాయించాలి. ఏజెన్సీ పెట్టిన పేరైతే, దానికి ఒక గడువో, కొనుగోలు ధరో ఉండాలి. తర్వాత పొడిగింపు హక్కు. గడువు తీరేటప్పుడు ఏజెన్సీ ఒక్కటే పొడిగించగలిగే క్లాజు ఉంటే రాసిన గడువుకు అర్థం లేదు. పొడిగింపుకు ఇద్దరి సంతకం కావాలి, లేదా ఒక్కసారికి మించి కుదరదని ఉండాలి. ఖర్చుల విషయంలో, శిక్షణకు పెట్టింది ఏ పనుల రాబడిలోంచి, ఏ అంకె దాకా వసూలు చేసుకుంటారో రాస్తే ఏజెన్సీ భయం కూడా తీరుతుంది. పేరు మీద పట్టు సడలించమని అడిగేటప్పుడు ఈ హామీ ఎదురివ్వకపోతే బేరం కుదరదు.

తగాదా వస్తే పని ఆగకుండా చూసే క్లాజు చాలామంది మరిచిపోతారు. వివాదం తేలేదాకా అప్పటికే ఒప్పుకున్న పనులు నడుస్తాయని, కొత్త ఆఫర్లు ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయాలని రాయించాలి. పాత్ర పేరుతో పాట రికార్డు చేస్తున్నప్పుడు, సొంత పేరు కవరు మీద ఏ సైజులో ఎక్కడ పడుతుందో, కచేరీలో ఆ పాట పాడే వీలుందో ముందే అడగాలి. అభిమాన సంఘం సభ్యుల జాబితా, సోషల్ మీడియా ఖాతాలు ఎవరి పేరు మీదున్నాయో చూడాలి. ఒప్పందం అయిపోయాక సున్నా నుంచి అనుచరుల్ని పోగేసుకోవడానికి ఏళ్లు పడుతుంది.

2025 సెప్టెంబర్‌లో ఫెయిర్ ట్రేడ్ కమిషన్ కళాకారులకు, ఏజెన్సీలకు మధ్య లావాదేవీల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. సహేతుక కారణం లేకుండా రంగస్థల నామం వాడకాన్ని ఆపడం అందులో సమస్యగా నమోదైంది. పాత ఒప్పందాల మీద ఉన్నవాళ్లు పొడిగింపు తేదీ వచ్చేదాకా ఆగకుండా, ఆ మార్గదర్శకాలు చూపించి పేరు క్లాజును ఇప్పుడే తిరిగి రాయించుకోవచ్చు.